పాలిష్ వాసన

గుడ్డ చుట్టిన దూది ముద్దను లక్క పాలిష్‌లో అద్ది, అరచేతి మీద ఒకసారి ఒత్తి చూసుకుని, మేస్త్రి దాన్ని బల్ల మీద ఆనించాడు. ఆనించాక ఆపకూడదు. ఈ పనిలో మొదటి నియమం అదే, చివరిదీ అదే. ముద్ద సున్నాలు చుడుతూ కదలాలి, ఒక సున్నా మీదికి ఇంకో సున్నా సగం ఎక్కుతూ బల్ల చివరిదాకా పోవాలి. ఎక్కడ రెప్పపాటు ఆగినా కింద ఆరుతున్న పూత లేచి ముద్దకు అంటుకుంటుంది. అక్కడ వేలిముద్రంత మచ్చ పడుతుంది. ఆ మచ్చ పోవాలంటే అంతా గీకి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఆ రోజు పొద్దున్నుంచి మూడు మచ్చలు పడ్డాయి. తాగడం మానేసి అది నాలుగో రోజు.

కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని చూశాడు. రెండు చేతులూ కలిసి వణికాయి.

"ఒరేయ్ అద్దం, నువ్వు బల్లకి పాలిష్ పెడుతున్నావా, బల్లకి చలిజ్వరం తెప్పిస్తున్నావా?" అన్నాడు వడ్రంగి. దుకాణం అతనిదే. మేస్త్రికన్నా పదేళ్ళు పెద్దవాడు.

"అయిపోతుంది అన్నా."

"ఎక్కడ అయిపోతుంది? పోయి ఒక్క గుక్క వేసుకుని రా. చెయ్యి నిలుస్తుంది. మానడం ఈ బల్ల అయ్యాక మానుదువుగాని."

"ఈ బల్ల అయ్యాక ఇంకో బల్ల వస్తుంది."

"రాకపోతే నేనేం తినను?"

వడ్రంగి చెడ్డవాడు కాడు. అతను చెప్పింది అబద్ధమూ కాదు. రెండు గుక్కలు పడితే ఆ చెయ్యి రాయిలా నిలబడుతుందని మేస్త్రికి అందరికన్నా బాగా తెలుసు. అతనికి 'అద్దం' అని పేరు తెచ్చిన చెయ్యి అది. అతను పాలిష్ పట్టిన బీరువా తలుపులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చని ఆ వీధిలో చెప్పుకునేవాళ్ళు. పని అతనికి ఎవరూ నేర్పలేదు. ఎవరో చేస్తుంటే కిటికీలోంచి చూసి, పారేసిన చెక్కల మీద ఏళ్ళ తరబడి చేసి నేర్చుకున్నాడు. అంత కష్టపడి నేర్చుకున్న పని ఇప్పుడు తాగితేనే వస్తోంది.

ముద్దను డబ్బాలో పెట్టి మూతవేసి, గీకే రేకు అందుకున్నాడు. నాలుగోసారి మొదటినుంచి.

లక్క పాలిష్‌లో ఉండేవి రెండే. లక్క పెచ్చులు, వాటిని కరిగించే స్పిరిట్. లక్క చెక్క మీద ఉండిపోతుంది, స్పిరిట్ గాలిలోకి పోతుంది. పోతూ పోతూ మనిషి చొక్కాలో, జుట్టులో చేరుతుంది. అది తాగేది కాదు, తాగితే కళ్ళు పోతాయి. మేస్త్రి ఏనాడూ దాని జోలికి పోలేదు. అతను తాగేది వేరే సీసాలోది. ఆ సీసాను స్పిరిట్ సీసాల వరుసలోనే, చివరన పెట్టేవాడు.

పెళ్ళైన కొత్తలో భార్య అడిగింది, "ఏంటండీ ఈ వాసన?" అని. "పాలిష్ వాసన" అన్నాడు. అప్పటికి అది నిజమే. రెండేళ్ళ తర్వాత నిజం కాకుండా పోయింది. మాట మాత్రం అదే ఉంచాడు. పదకొండేళ్ళు ఆ ఒక్క మాట చాటున తాగాడు. ఆమె నమ్మింది. పుట్టింటివాళ్ళు ముక్కు చిట్లించినా, "ఆయన పని అలాంటిది" అని తనే సర్దిచెప్పింది.

పదకొండో ఏడు వానలు ఎడతెరిపి లేకుండా కురిశాయి. తేమలో లక్క తెల్లబారుతుంది కాబట్టి వారం రోజులు పాలిష్ పని ఆపేశారు. ఆ వారం కూడా మేస్త్రి అదే వాసనతో ఇంటికి వచ్చాడు. ఆరో రోజున భార్య అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా అడిగింది.

"ఈ వారం ఏ బీరువాకి పట్టారు పాలిష్?"

అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఒట్లతో గడిచాయి. మూడేళ్ళ చివర ఒక సాయంత్రం అతను తాగిన మత్తులో పాలిష్ గుడ్డను జేబులోంచి తీసి పొయ్యి పక్కన పడేశాడు. అది భగ్గుమంది. టీ పెట్టుకుంటున్న కూతురి చొక్కా చెయ్యి అంటుకుంది. తల్లి తడి తువ్వాలు చుట్టి ఆర్పింది. మోచేతి కింద రెండు వేళ్ళ వెడల్పున కాలింది. ఆ పిల్ల ఎనిమిదో తరగతి.

ఆసుపత్రిలో కట్టు కట్టిన కాంపౌండర్ పిల్ల చేతినీ చూశాడు, తండ్రి చేతులనూ చూశాడు. మందుల చీటీ వెనక ఒక చిరునామా రాసి మేస్త్రి జేబులో తనే పెట్టాడు. "ఆదివారం సాయంత్రం ఐదింటికి. తాగడం మానినవాళ్ళు కూర్చుంటారు. నేనూ వస్తాను" అన్నాడు.

భార్య ఆ మాట విన్నది. ఆసుపత్రి నుంచి ఆమె కూతురిని తీసుకుని నేరుగా అన్నగారింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మెట్ల మీద నిలబడి చెప్పింది.

"ఎనిమిది ఆదివారాలు అక్కడికి వెళ్ళండి. ఎనిమిదీ తాగకుండా వెళ్ళారని అక్కడి పెద్దమనిషి మా అన్నయ్యకు చెప్పాలి. అప్పుడు వస్తాం."

"నేను చెబితే చాలదా?"

"మీ మాట నేను పదకొండేళ్ళు విన్నానండీ."

అలా అతని ఇల్లు ముక్కూమొహం తెలియని ఒక మనిషి మాట మీద నిలిచింది.

చిరునామా కనుక్కోవడం కష్టం కాలేదు. మెట్లెక్కడం కష్టమైంది. అది ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పైన గది. మేస్త్రి ఆ మెట్ల ముందునుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచాడు. నాలుగోసారి కాపలావాడు స్టూలు మీదనుంచి లేవకుండానే పిలిచాడు.

"ఎవరు కావాలి?"

"టైపు నేర్చుకుందామని."

"ఈ వయసులోనా?" కాపలావాడు అతని చేతుల వైపు చూశాడు. "పైకెళ్ళు. ఇక్కడికొచ్చే ప్రతివాడూ మొదటిరోజు టైపు అనే అంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కడికీ టైపు రాలేదు."

పైన ఇరవై కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. పనికిరాని టైపు మిషన్లు గోడవారగా గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. గుమ్మంలో ఒక పొడుగాటి ముసలాయన నిలబడి వచ్చినవాళ్ళందరినీ కౌగిలించుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి దిగిన మనిషి. తాగడం మాని పంతొమ్మిదేళ్ళయింది. ఆ గదికి ఆయనే పెద్ద. అందరూ డ్రైవర్‌గారు అంటారు.

ఆయన కౌగిలిలో రెండు క్షణాలు ఎక్కువ ఆగేవాడు. ఎందుకాగుతాడో ఆ గదిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. వాసన లేకపోతే వీపు తట్టి లోపలికి పంపేవాడు. వాసన ఉంటే, "ఇవాళ విను తమ్ముడూ" అనేవాడు. అంతే. ఆ రోజు ఆ మనిషి మాట్లాడకూడదు. మర్నాటి నుంచి అతని లెక్క మళ్ళీ ఒకటితో మొదలవుతుంది. అరవడం, బయటికి గెంటడం అక్కడ లేవు.

మేస్త్రి వీపు తట్టాడు ఆయన. మొదటిరోజు అందరూ ఒక్కొక్కరుగా మాట్లాడారు. లెక్కల మాస్టారు ఒకాయన, "నూట నలభై రెండు రోజులు. ఎక్కాలు మర్చిపోయినా ఈ లెక్క మర్చిపోను" అన్నాడు. కాంపౌండర్ తన నాలుగేళ్ళ సంగతి చెప్పాడు. మేస్త్రి వంతు వచ్చింది. "తాగుతాను" అన్నాడు. తను కూర్చున్న కుర్చీ కాలు ఊగుతోందని అప్పుడు గమనించాడు. మీటింగ్ అయ్యాక అందరూ టీ తాగుతుంటే అతను ఆ కుర్చీ తిరగేసి, అట్టముక్క మడిచి కీలులో బిగించాడు.

"మాటకన్నా ఇది నయం" అన్నాడు డ్రైవర్‌గారు.

మొదటి రెండు వారాలూ నరకం. నిద్ర లేదు. తిన్నది నిలిచేది కాదు. దుకాణంలో బల్ల మీద చెమట బొట్లు పడి పూత పాడయ్యేది. మూడో వారంలో ఒకరోజు ముద్ద బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు ఆగకుండా వెళ్ళింది. వడ్రంగి చూసి టీ తెప్పించాడు. ప్రతి ఆదివారం మేస్త్రి దుకాణానికి పోకుండా, తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఆ మెట్లెక్కేవాడు.

ఐదో ఆదివారం మర్నాడు కూతురు ఫోన్ చేసింది.

"ఎన్ని అయ్యాయి నాన్నా?"

"ఐదమ్మా."

"అయితే ఇంక మూడే."

"లెక్కలు బాగానే వచ్చాయే నీకు."

"అమ్మ క్యాలెండర్ మీద గీతలు పెడుతోంది. నేను చెప్పానని చెప్పకు."

ఆ గీతల సంగతి విన్న రోజంతా అతను పాలిష్ పడుతూ తనలో తను నవ్వుకున్నాడు.

ఆరో ఆదివారానికి ఒక పెద్ద పని పడింది. ఒక ఇంటి వీధితలుపులు, రెండు రెక్కలూ, సోమవారం పొద్దున బిగించాలి. వడ్రంగి శనివారం సాయంత్రం బతిమాలాడు. మేస్త్రి పొద్దున్నే వచ్చి మొదలుపెట్టాడు. చేతి వణుకు పూర్తిగా పోయింది. ఏళ్ళ తర్వాత మందు లేకుండా చేసిన మొదటి పెద్ద పని అది. నాలుగున్నరకు చివరి పూత పడింది. రెండు రెక్కల మీదా ఒక్క మచ్చ లేదు. వడ్రంగి తలుపులో మొహం చూసుకుని, "నా ముసలిమొహం ఇంత స్పష్టంగా కనిపించాలా?" అన్నాడు.

ఇంటికెళ్ళి స్నానం చేస్తే ఐదింటికి అందుకోలేడు. చేతులు మాత్రం కడుక్కుని, అదే చొక్కాతో పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఆ తలుపుల గురించి ఆ రోజు మాట్లాడదామనుకున్నాడు. దారంతా మాటలు పోగేసుకున్నాడు. 'ఇవాళ నా చెయ్యి ఆగలేదు' అని మొదలుపెట్టాలనుకున్నాడు.

డ్రైవర్‌గారు కౌగిలించుకున్నాడు. రెండు క్షణాలు. మూడో క్షణంలో ఆయన చేతులు వదులయ్యాయి.

"ఇవాళ విను తమ్ముడూ."

మేస్త్రికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు వచ్చింది.

"అయ్యో, నేను తాగలేదండీ. ఇది పాలిష్ వాసన."

గదిలో నవ్వులు లేచాయి. అందులో విషం లేదు, చనువుంది.

"నేను దగ్గుమందు అనేవాణ్ణి" అన్నాడు లెక్కల మాస్టారు.

"నాకు ఆసుపత్రి స్పిరిట్ ఉండేది. తిరుగులేదు దానికి" అన్నాడు కాంపౌండర్. "మా ఆవిడ ఆరేళ్ళు నమ్మింది."

"మీది బాగుంది మేస్త్రీ. పనికి పని, సాకుకి సాకు" అన్నారెవరో వెనకనుంచి.

మేస్త్రి మళ్ళీ అదే మాట చెప్పడానికి నోరు తెరిచాడు. 'పాలిష్ వాసన' అని. తెరిచిన నోట్లోంచి వచ్చేది పదకొండేళ్ళు భార్యకు చెప్పిన గొంతేనని తోచింది. అదే మాట, అదే తీరు. ఈసారి నిజమని ఎలా తెలుస్తుంది? నిజం చెప్పడానికి వేరే మాట అతని దగ్గర లేదు. ఉన్న ఒక్కదాన్నీ వాడేసుకున్నాడు.

దుకాణానికి వచ్చి చూడండని అనవచ్చు. వడ్రంగిని అడగమనవచ్చు. అవన్నీ తర్వాత తట్టాయి.

"రేపటి నుంచి ఒకటి" అన్నాడు డ్రైవర్‌గారు మెల్లగా. "సిగ్గుపడకు. నేను పదమూడుసార్లు ఒకటి నుంచి ఎత్తుకున్నాను."

మేస్త్రి గంటసేపు కుర్చీలో కూర్చుని విన్నాడు. ఎవరేం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు. టీ అందరికీ ఇచ్చినట్టే అతనికీ ఇచ్చారు. మెట్లు దిగి, ఇంటివైపు పోయే కుడి సందు వదిలి, ఎడమకు తిరిగాడు. ఆ వాసన అప్పటికే ఒంటిమీద ఉంది. దానికి తగ్గ మందు లోపలికి పోసుకున్నాడు.

రెండు రోజులకు బావ, అంటే భార్య అన్నగారు, డ్రైవర్‌గారికి ఫోన్ చేసి అడిగాడు. ఆయన తనకు తెలిసింది చెప్పాడు. ఆరో వారం తప్పాడు అన్నాడు.

ఏడో ఆదివారం మేస్త్రి వెళ్ళలేదు. రానివాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళడం ఆ గది పద్ధతి. సోమవారం పదింటికి డ్రైవర్‌గారు దుకాణం గుమ్మంలోకి వచ్చి, అక్కడే ఆగి, గాలి పీల్చాడు. ఒక మూల కిటికీ చెక్కలు ఆరుతున్నాయి. బల్ల మీద పాలిష్ గిన్నె మూత లేకుండా ఉంది. ఆయన వడ్రంగి భుజం దగ్గరకు వంగి వాసన చూశాడు.

"మీరేమైనా తాగారా?"

"పొద్దున్నే ఇదేం ప్రశ్నండీ? నాకు కాఫీయే పడదు."

ఆయన దగ్గరున్న దుంగ మీద కూర్చుండిపోయాడు. "మేస్త్రి ఆ ఆదివారం..."

"ఆ ఆదివారం చీకటితో వచ్చి నాలుగున్నర దాకా నా కళ్ళెదుటే ఉన్నాడు. మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. అలాంటి పని నేను వాడి చేతిలో పదేళ్ళుగా చూడలేదు. మీటింగ్ టైమయిందని పరిగెత్తాడు."

"ఇప్పుడెక్కడ?"

వడ్రంగి గడ్డంతో వెనక్కి చూపించాడు.

నిలబెట్టిన పలకల వెనక మేస్త్రి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సీసా దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. డ్రైవర్‌గారు మోకాళ్ళు పట్టుకుని కష్టంగా కింద కూర్చున్నాడు.

"తప్పు నాది తమ్ముడూ. నా ముక్కును నేను ఎక్కువ నమ్మాను."

"నాకెందుకు చెబుతారు? ఆమెకు చెప్పండి."

"చెబుతాను. ఆ రోజు నువ్వు తాగలేదని చెబుతాను."

"అది చాలు."

"ఇప్పుడెలా ఉన్నావని అడుగుతారు. అడిగితే ఏం చెప్పమంటావు?"

మేస్త్రి సీసాకు మూత బిగించి పక్కకు జరిపాడు.

"మీకు వాసన తెలుస్తుంది కదా. ఉన్నదే చెప్పండి."

ఆయన రెండూ చెప్పాడు. అబద్ధం చెప్పే మనిషి అయితే ఆ గదికి పెద్ద అయ్యేవాడు కాదు.

గురువారం బావ వచ్చాడు. సరుకుల వ్యాను నడుపుతాడు. మేస్త్రికి అతనంటే గౌరవమే, అతనికీ మేస్త్రి పనంటే గౌరవమే. వ్యాను వీధిలో ఆపి ఇంట్లోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ పెద్దాయన అంతా చెప్పాడు బావా. దానికి చెప్పాను."

"ఏమంది?"

"'ఆ రోజు తాగలేదు, తర్వాత తాగారు. అంతేగా అన్నయ్యా?' అంది."

"అంతేనా?"

"ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు." బావ గోడవైపు చూస్తూ అన్నాడు. "పిల్ల బడి దగ్గర ఒక గది చూసుకుంది. కుట్టుపని ఒప్పుకుంది. కుట్టుమిషన్ పంపమంది. ఈ ఆదివారం కాక, పై ఆదివారం పొద్దున్నే వ్యాను తెస్తాను."

మేస్త్రి తలూపాడు. తిరిగొచ్చే మనిషి మిషన్ అడగదు. దానికి ఇంకెవరూ అర్థం చెప్పక్కర్లేదు.

ఆ రోజు తాగాడు. మర్నాడు తాగలేదు. ఎందుకు తాగలేదో అతనికీ తెలియదు. పొద్దున లేచి, కిటికీ పక్కనున్న మిషన్ మీది గుడ్డ తీసి చూశాడు. అద్దం మేస్త్రి ఇంట్లో మిషన్ బల్ల అది. ముందు అంచు పైపొర లేచి గుడ్డలను పట్టి లాగుతోంది. ఆమె దాని మీద మైనం రుద్దుకుని నెట్టుకొచ్చినట్టుంది. చేతి మణికట్టు ఆనే చోట రంగంతా పోయి చెక్క నల్లబడింది. ఎవరెవరి బీరువాలకో మొహాలు కనిపించేలా మెరుపు పెట్టాడు. దీన్ని ఒక్కసారి తుడవలేదు.

మిషన్ తలను విప్పి పక్కన పెట్టాడు. లేచిన పొర కింద బంక పోసి, పైన పలక పెట్టి, ఇటుకలు పేర్చాడు. మర్నాడు పాత రంగంతా గీకాడు. లక్క పాలిష్ పట్టదలచుకోలేదు. ఆ వాసన ఆమె కొత్త గదిలోకి తన వెంట పోకూడదు. అవిసె నూనె పట్టడం మొదలుపెట్టాడు. నూనె పని అతను ఎప్పుడూ చిన్నచూపు చూసిందే. అందులో అద్దంలాంటి మెరుపు రాదు. రోజుకొక పూతే వేయాలి, రాత్రంతా ఇంకనివ్వాలి. కాని నూనెకు చెయ్యి ఆగినా ఫరవాలేదు. వణికినా ఫరవాలేదు. మచ్చ పడదు. గుడ్డను ప్రతిసారీ నీళ్ళలో జాడించి, పెరట్లో తీగ మీద విప్పార్చి ఆరేశాడు.

మధ్యలో వచ్చిన ఆదివారం మెట్లెక్కాడు. డ్రైవర్‌గారు కౌగిలించుకున్నాడు. ఎంతసేపు ఆగాడో మేస్త్రి లెక్కపెట్టలేదు. లోపల తన వంతు వచ్చినప్పుడు, "మూడు రోజులు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాంపౌండర్ తల దించుకుని కొట్టాడు. లెక్కల మాస్టారు టీ గ్లాసు తెచ్చిచ్చి, "వచ్చే వారం వస్తావు కదూ?" అన్నాడు.

"వచ్చి ఏం చెయ్యాలి మాస్టారూ? నేను దేనికోసం వచ్చానో అది అయిపోయింది."

మాస్టారు తన గ్లాసు కూడా తెచ్చుకున్నాడు. పక్కనే కూర్చున్నాడు, టీ అయ్యేదాకా.

మిగతా రోజులు అలాగే గడిచాయి. పగలు దుకాణంలో కొయ్య గీకే పని చేశాడు. పాలిష్ పనికి చెయ్యి ఇంకా లొంగలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఒక పూత నూనె. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. తాగాలని అనిపించని గంట లేదు. ఫోన్ మోగలేదు. శనివారానికి ఏడు పూతలయ్యాయి. చెక్క ముదురు రంగు తేలి, అరచెయ్యి పెడితే మెత్తగా జారింది. మిషన్ తలను బిగించాడు. తోలు పట్టీ మార్చాడు. సూది కింద పాత గుడ్డ పెట్టి, కాలితో తొక్కి, ఒక వరుస కుట్టి చూశాడు. దారం తెగలేదు.

ఆదివారం ఎనిమిదింటికి వ్యాను వచ్చింది. బావ మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పాతదేనా ఇది?"

"పాతదే. ఆ కాళ్ళ వైపు పట్టుకో బావా. బల్ల అంచు పట్టుకోకు."

ఇద్దరూ మోసుకొచ్చి వ్యానులో పెట్టారు. మేస్త్రి రెండు దుప్పట్లు మడిచి అంచులకు చుట్టాడు. తాడు వేశాడు, ముడి దగ్గర గోనెముక్క దూర్చాడు, ఊపి చూసి ఇంకో చుట్టు బిగించాడు. బావ తలుపు వెయ్యకుండా నిలబడ్డాడు.

"దానికేమైనా చెప్పమంటావా?"

మేస్త్రి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"రెండు రోజులు బల్ల మీద తడి పెట్టొద్దని చెప్పు. పట్టీ కొత్తది, మొదట్లో బిగుతుగా ఉంటుంది. వారం తొక్కితే సర్దుకుంటుంది."

"సరే."

"తీసుకెళ్ళు" అని, వ్యాను తలుపు తనే మూసి గడియ పెట్టాడు.